కనకలక్ష్మి గారూ, టీ వేళకే తప్పిపోయే పోలరాజూ

శ్రీమతి కనకలక్ష్మి గారు 1999 జూన్ 7, సోమవారం నాడు మారేడ్‌పల్లిలోని మన సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో చేరారు. అప్పటికి వారి వయసు యాభై. విజయనగరం నుంచి వచ్చి, రాంగోపాల్‌పేట్‌లోని ఒక ముద్రణాలయంలో ఇరవై రెండేళ్లు ప్రూఫులు దిద్దినవారు. వారు గుమ్మంలో అడుగు పెట్టగానే అచ్చుతప్పులు భయపడి తమంతట తామే సర్దుకునేవని అక్కడివాళ్లు చెబుతారు, నేను నమ్ముతాను. అలాంటి మనిషికి మనవాళ్లు రెండేళ్లపాటు ఉత్తరాల్లో కామాలు చూసే పని అప్పగించారు!

2001లో వారిని టెస్టింగుకు మార్చారు. మనం ఆసుపత్రులకు అమ్మే సాఫ్ట్‌వేర్ సరిగ్గా నడుస్తుందో లేదో చూడడం వారి బాధ్యత. 2004 నాటికి ఆ పరీక్షలు కంప్యూటర్లే వాటంతట అవి చేసుకునేవి. ఆ ఏడాదే వాటికి ఒక తప్పు పట్టుకుంది. పరీక్ష ఉన్నట్టుండి ఫెయిలయ్యేది, మళ్లీ నడిపితే పాసయ్యేది. పాసయింది కదా అని అందరూ చేతులు దులుపుకునేవారు. కనకలక్ష్మి గారు మాత్రం ఫెయిలైన ప్రతిసారీ వేళ రాసి పెట్టారు. ఆ కాగితం మేనేజరు మధుసూదన్ గారి చేతిలో పడింది. అన్నీ ఉదయం పదకొండూ, సాయంత్రం నాలుగూ. ఆ వేళకు ఆ గదిలోకి వచ్చేదెవరు? టీ ట్రేతో అటెండరు పర్వతాలు, అంటే నేను.

"ఏందయ్యా, వైర్లకు కాలు తాకిస్తున్నవా?" అన్నారు మధుసూదన్ గారు.

"కసమ్ సార్, నేనేం ముట్టలే!"

"ఇంకెవరు ముట్టిన్రు, దయ్యమా? సోమవారం నుంచి రాకు."

సైనిక్‌పురి నుంచి కిక్కిరిసిన బస్సులో పన్నెండు కప్పుల ట్రేతో నిలబడి వచ్చి చుక్క ఒలకనివ్వని వాణ్ని. నా కాలికి వైరు తగిలిందట! మూడేళ్లయినా రాస్తుంటే ఒళ్లు మండుతోంది. మధుసూదన్ గారు ఈ వీడ్కోలు సంచిక చదువుతారని తెలిసే రాస్తున్నాను.

కనకలక్ష్మి గారు లేచారు. "ఉండండి బాబూ. ఆ కాయితం రాసింది నేను. దాన్ని పట్టుకుని మనిషిని పంపేస్తారేటి? శుక్రవారం దాకా ఆగండి."

మర్నాడు నన్ను గుమ్మం బయటే నిలబెట్టారు. టీ వేళ కాని వేళలో, పదిన్నరకు, గదిలోని ఆరుగురినీ ఒకేసారి పరీక్షలు నడపమన్నారు. ఫెయిల్!

"ఇప్పుడెవరి కాలు తగిలిందండీ?" అని అడిగారు.

జరుగుతున్నది ఇదీ. నా ట్రే కనబడగానే ఆరుగురూ తలా ఒక పరీక్ష మొదలుపెట్టి కప్పు కోసం లేచేవారు. మిగతా వేళల్లో ఒకటో రెండో నడిచేవి. కనకలక్ష్మి గారు రెండు రోజులు ఆ పరీక్షలను ప్రూఫుల్లా పక్కపక్కన పెట్టి వరుస వరుసా చదివారు. అన్నిటిలోనూ, ఆరు కంప్యూటర్లకూ కలిపి రోగి ఒక్కడే, పోలరాజు అనే ఉత్తుత్తి మనిషి. ఒక కంప్యూటరు అతన్ని డిశ్చార్జి చేసి పేరు చెరిపేసే క్షణంలోనే ఇంకొకటి అతని ఎక్స్‌రే అడిగేది. లేని మనిషికి ఎముకలెక్కడివి? పరీక్షకొక రోగిని ఇచ్చారు, తప్పు పోయింది.

వారి రిపోర్టులో మొదటి వాక్యం "పర్వతాలు కారణం కాదు." ఆ తర్వాతే పోలరాజు.

"తప్పు దొరికింది గదమ్మా, జెర గదొక్కటి రాస్తే సాలదా? పర్వతాలు పేరెందుకు?" అని మధుసూదన్ గారు విసుక్కున్నారు.

"నింద వేసినప్పుడు పేరు పెట్టి వేశారు కదండీ. తీసేసినప్పుడూ పేరుండాలి."

ఆ సోమవారం నేను పనికి వచ్చాను. పొరపాటైందన్న మాట మధుసూదన్ గారి నోట ఇంతవరకూ రాలేదు. ఈ వీడ్కోలు సభలోనైనా వస్తుందేమోనని ముందు వరుసలో కూర్చుంటాను.

2007 జూన్ 30న పదవీ విరమణ చేస్తున్న కనకలక్ష్మి గారు నిండు ఆరోగ్యంతో, తగ్గని కంటిచూపుతో, కుటుంబమంతా చుట్టూ ఉండగా నూరేళ్లు దాటాలి. ఆపైన చిత్రగుప్తుడు జాబితా పట్టుకుని వచ్చినా, అందులో తప్పులు చూపించి ఆయన్ను తిప్పి పంపేంత ఓపిక వారికి ఉండాలి.