మూడు గంటల్లో ఆరుసార్లు

బస్సు డిపోలో డ్యూటీలు వేసే గది. బల్లకి అవతల డ్యూటీ గుమాస్తా, ఇవతల డ్రైవరు. గుమాస్తా అక్కనే డ్రైవరు పెళ్ళి చేసుకున్నాడు. ఆ చుట్టరికం ఇవాళ ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు.

"మూడు గంటల్లో ఆరుసార్లు ఆపుతావా! బస్సా అది, ఎడ్లబండా?"

"ఇంజను వేడెక్కింది."

"వేడెక్కింది ఇంజనైతే పొదల్లోకి నువ్వెందుకు పరిగెత్తావు?"

"ఎవరు చెప్పారురా నీకు?"

"రా గీ అనకు. ఈ గదిలో నేను నీ బావమరిదిని కాదు. ఫిర్యాదు వచ్చింది. కూర్చో."

"నిలబడే మాట్లాడతాను. నాకు దగ్గర రూటు వెయ్యి, అంతే."

"ఎందుకు?"

"ఎందుకో ఒకందుకు."

"నే చెప్పనా? ప్రతి గురువారం మందుల షాపు మేడమీదికి దొంగలా ఎక్కుతున్నావట. మగవాళ్ళకి మాత్రమే అని బోర్డు. మా అక్క ఇంట్లో ఉండగా ఎక్కడ తిరిగి ఏం రోగం తగిలించుకున్నావు?"

"నోరు జాగ్రత్త!"

"నువ్వు జాగ్రత్తగా ఉంటే నా నోరు లేచేది కాదు."

"తిరిగి తెచ్చుకున్నది కాదురా! కింద, తొడల మధ్య, లోపల ఎవరో మెలిపెడుతున్నట్టు నొప్పి. దానికి తోడు ఒంటేలు. వచ్చిందంటే ఒక్క నిమిషం ఆపుకోలేను. ఎందుకొచ్చిందో డాక్టరుకే సరిగ్గా తెలీదు."

"మరి ఆ మేడమీద?"

"షాక్‌వేవ్ అని ఒక మిషను."

"కరెంటు పెడతారా? అక్కడ?"

"కరెంటు కాదు. చిన్న గొట్టం లాంటిది అడుగున ఆనించి, పైనుంచే టకటకా కొడతారు. కోతా లేదు, కుట్టూ లేదు. నాలుగు వారాలైంది. నొప్పి కాస్త నయం. పరుగు మాత్రం తగ్గలేదు. గ్యారంటీ లేదని ముందే చెప్పాడు, ఇంకో రెండు వారాలు చూద్దామన్నాడు."

"అయితే డాక్టరు కాగితం తే."

"కాగితం ఇస్తే మెడికల్ బోర్డంటారు. స్టీరింగు లాక్కుని గేటు దగ్గర కూర్చోబెడతారు. ఆ మాత్రం నీకు తెలీదా?"

"అక్కకి తెలుసా?"

"సిగ్గేసి చెప్పలేదు. ఆర్నెల్ల నుంచి వేరే గదిలో పడుకుంటున్నా. నడుంనొప్పి అన్నాను."

"పంపేశాను."

"ఏం పంపేశావు?"

"ఆ ఫిర్యాదు. పొద్దున్నే, మేనేజరుకి. మెడికల్ బోర్డుకి పంపమని కింద నేనే రాశాను. బావని వెనకేసుకొస్తున్నానని అంటారని... మొదటి రెండు లైన్లే చదివాను."

"నా కొంప ముంచావు కదరా! ఎవడు రాశాడు? చూపించు."

"ఇదిగో నకలు. పేరు లేదు."

"'ఈ డ్రైవరు మూడు గంటల్లో ఆరుసార్లు బస్సు ఆపారు. కండక్టరుని అడగండి...'"

"చదువు, ఆగావేం?"

"'పాపం, చాలా బాధతో నడుపుతున్నారు. పొడుగు రూటు తీసేసి దగ్గర రూటు వెయ్యండి. నేను రాసినట్టు ఆయనకి తెలియనివ్వకండి.'"

"ఫిర్యాదులో పాపం ఏంటి?"

"ఒరేయ్... సొంత అక్క చేతిరాత పోల్చుకోలేకపోయావా?"