వదిన సీటు

మెక్సికో సిటీ అంచున, గుట్ట మీది ఇంటి ముందు అన్న తన చిన్న బీటిల్ కారు తుడుచుకుంటున్నాడు. తమ్ముడి పొడవాటి పాత అమెరికన్ కారు సందు మలుపు తిరగలేక కిందే ఆగిపోయింది.

"యారెలికి పదిహేనేళ్లు నిండిన పండగ అన్నా ఇది. పిల్లని చర్చికి ఈ సబ్బుపెట్టెలో తీసుకెళ్తావా? నా బండి స్టార్ట్ చేస్తే వీధంతా అదురుద్ది."

"అదిరితే సరా? గుమ్మం దాకా రావద్దూ? నా బుజ్జిది మేకపిల్లలా ఎక్కొచ్చింది."

"వచ్చింది సరే, నీ మనవరాలి గౌను గుడారమంత ఉంది. ఇందులో ఎలా పడుద్ది?"

"ముందు, నా పక్క సీటు పీకేశాలే. టాక్సీ తోలినప్పుడు జనం వెనక్కి ఎక్కడానికి అందరం అట్లాగే తీసేసేవాళ్లంగా."

తమ్ముడు లోపలికి తొంగి చూశాడు.

"టాక్సీ మానేశాక మళ్లీ బిగించావుగా. వదిన కోసం."

అన్న చేతిలో గుడ్డ ఆగింది.

"పక్కనే కూర్చుంటానని పట్టుబట్టింది మరి. పోయి మూడేళ్లయినా తీయబుద్ధి కాలేదు. పిల్ల కోసం ఇవాళ తీశా."

తమ్ముడు గోడవార ఉన్న సీటును భుజానికెత్తుకున్నాడు.

"ఎక్కడికిరా దాంతో?"

"కిందికి, నా బండిలోకి. వదిన్ని ఇంట్లో వదిలేసి పండక్కి వెళ్తామా? నీ వెనకాలే తీసుకొస్తా, పద."