సలోమమ్మ నూతి నీళ్ళు

కాలవగట్టు మీది చింతచెట్టు, దాని కిందున్న నుయ్యి, ఆ వెనక పెంకుటిల్లు, అటేపు ఎవరూ ఎందుకెళ్ళరు మామ్మా అని అడిగారు కదా, ఇటు జరగండి, చెప్తాను. మొన్ననేగా టౌన్నించి కార్లేసుకొచ్చి, ఇది యుద్ధంలో సేవ చేసిన ధీరురాలి ఇల్లు, చారిత్రక గృహం అని బోర్డు పాతారు? పాతి, కొబ్బరికాయ కొట్టి, మన ఊరి పెద్దలు పళ్ళికిలించి ఫొటోలు దిగి, పొద్దు వాలకుండానే ఇళ్ళకి పరిగెత్తారు. సిగ్గులేని మొహాలు! బతికుండగా ఆవిడకి ఒక్కడు కుర్చీ వేశాడా?

ఆవిడ పేరు సలోమమ్మ. ఊరి చివర, మనవాళ్ళు అంటరానివాళ్ళని దూరం పెట్టిన పేటలో పుట్టిన పిల్లే. మిషను ఆసుపత్రిలో నర్సు చదివి, పెద్ద యుద్ధం వచ్చినప్పుడు బర్మా వెళ్ళింది. అక్కడ ఆసుపత్రి మీద బాంబులు పడితే డాక్టర్లతో సహా అందరూ లగెత్తారంట, ఈవిడ మాత్రం లేవలేని సోల్జర్ల మంచాల దగ్గరే ఉండిపోయిందంట. తెల్లదొరలు పిలిచి పతకం ఇచ్చారు. మరి మన ఊరేం ఇచ్చింది? ఊరి నూతి దగ్గరికే రానివ్వలేదు. సరేలెమ్మని తనే నుయ్యి తవ్వించుకుంటే ఆ నీళ్ళూ మైలంట! జ్వరమొస్తే మాత్రం ఈ మహానుభావులే తల మీద తుండుగుడ్డ కప్పుకుని, దొడ్డిదారిన వెళ్ళి సూది పొడిపించుకునేవాళ్ళు.

మా తోడికోడలు తాయారుకి అప్పుడు తొలికాన్పు. మంత్రసాని కొడవలితో బొడ్డు కోసి, పొయ్యిలో బూడిదా ఆవుపేడా కలిపి మెత్తేది, అది మన ఆచారం, అబ్బో, తరతరాల ఆచారం! సలోమమ్మకి తెలిసి మా వాకిట్లోకొచ్చి, మీకు దణ్ణం పెడతాను, ఆ పేడ మెత్తకండి, బిడ్డకి ధనుర్వాతం వస్తుంది అని బతిమాలింది. మా మావగారు గవర్రాజుగారు ఆవిణ్ణి తరిమేసి, ఆవిడ నిలబడ్డ చోట పసుపునీళ్ళు చల్లించారు. వారం తిరక్కుండా పిల్లాడు విల్లులా వంగిపోయి చచ్చిపోయాడు. తప్పెవరిదంటారు? సలోమమ్మ అడుగుపెట్టినందుకంట!

తరవాత ఆవిడా పోయింది. ఎంతమందికి ప్రాణం పోసిందో, మోయడానికి మాత్రం ఊళ్ళోంచి ఒక్క మగాడు రాలేదు, పేటవాళ్ళే మోసుకెళ్ళారు. పొద్దు వాలితే ఆ నూతి గిలక దానంతటదే తిరుగుతోందని అప్పుడే పుకారు పుట్టింది. ఆ ఏడే తాయారు రెండో పిల్లాడూ అలాగే వంగిపోయి పోయాడు. సలోమమ్మ దెయ్యమై తినేసిందన్నారు. పేడ మెత్తిన చెయ్యి ఎవరికీ కనబళ్ళేదు.

మూడోసారి నొప్పులొచ్చాయి. మావగారేమో దెయ్యాన్ని కట్టించడానికి భూతవైద్యుడి కోసం వెళ్ళారు, మంత్రసానేమో బూడిద జల్లిస్తోంది. దీపాలు పెట్టే వేళ. తాయారు నా చెయ్యి పట్టుకుని, అక్కా, నన్ను ఆ ఇంటికి తీసుకుపో, తినేదే అయితే నా కళ్ళ ముందే తిననీ, ఈ బిడ్డ కూడా పోతే నేనింక బతకను అంది. సరేనని రెక్క పట్టుకుని తీసుకెళ్ళాను.

వెళ్ళామా, గిలక తిరుగుతోంది, చేద పైకొస్తోంది, తాడు లాగే మనిషి లేదు! లోపల స్టవ్వు మీద నీళ్ళు మరుగుతున్నాయి, ఇల్లంతా ఆసుపత్రి వాసన. మొహం కనబళ్ళేదు గానీ తెల్లచీర కనబడింది, మోచేతుల దాకా తడిసిన చేతులు కనబడ్డాయి. నేను తాయారుని పట్టుకోబోతే నా చేతి మీద చెళ్ళుమని ఒక్కటి పడింది. ముందు సబ్బుతో కడుక్కో, గోళ్ళ సందుల్లో కూడా, అంది. అంత భయంలోనూ కడుక్కున్నాను, చాల్లేదని మళ్ళీ కడిగించింది! పిల్లాడు పుట్టగానే మరగబెట్టిన బ్లేడుతో బొడ్డు కోసి, శుభ్రమైన గుడ్డ కట్టి, అప్పుడందీ, బర్మాలో బాంబులకి బెదరలేదే, మీ ఊరి పేడ దగ్గర ఓడిపోయానే అని. అని ఏడ్చింది. దెయ్యం ఏడవడం మీరెప్పుడైనా విన్నారా? నేను విన్నాను.

ఇంతలో మావగారు భూతవైద్యుణ్ణి వెంటబెట్టుకొచ్చారు. వాడు గిలక తిరగడం చూశాడో లేదో, వేపమండలు అక్కడే పారేసి, పంచె ఎగ్గట్టి ఒకటే పరుగు. మావగారు గడప దగ్గర నిలబడి మనవణ్ణి ఇమ్మని చేతులు చాపారు. నీళ్ళ చేద దానంతటదే వచ్చి ఆయన కాళ్ళ ముందు ఆగింది, పక్కనే సబ్బు. తాయారు మంచం మీంచే, కడుక్కుని ఎత్తుకోండి మావయ్యా అంది. అంతే కదర్రా, చేతులు కడుక్కోవడం! ఆయన పిల్లాణ్ణి చూశారు, నీళ్ళని చూశారు, ఆ నూతి నీళ్ళు నేను ముట్టుకుంటానా అని కాండ్రించి ఉమ్మేసి వెళ్ళిపోయారు.

బొడ్డు ఊడేదాకా మేం అక్కడే ఉన్నాం. పిల్లాడు బతికాడు. అసలు పిల్లాణ్ణి దెయ్యం తినేసి, ఇంకెవణ్ణో పెట్టిందని మావగారే ఊరంతా తిరిగి చెప్పుకున్నారు. పోయేదాకా వాణ్ణి ఒక్కసారి ఎత్తుకోలేదు. చచ్చిపోయిన ఇద్దరి కోసం నెత్తీ నోరూ కొట్టుకుని ఏడ్చిన మనిషి, బతికినవాణ్ణి ముట్టుకోలేదు! థూ, అదీ మన పెద్దరికం.

కాబట్టి మీరెవ్వరూ అటు వెళ్ళకండి. అక్కడికెళ్తే పిల్లలు బతుకుతారు, మన ఊరి పరువు పోతుంది.