చౌడప్ప మోసిన మాట

రెండువేల నాలుగు, జూన్ నెల. మడకశిర దగ్గరి ఒక పల్లెలో పొద్దున పూట నారాయణరెడ్డి చేలోకి బయలుదేరుతూ వాకిట్లో ఆగిపోయాడు. భార్య నాగలక్ష్మమ్మ విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది. కూతురు ప్రసూన బయటికి పోయే చీర కట్టుకుని, గడప లోపలే నిలబడి ఉంది.

"బీఈడీ చెయ్యి అంటాండా. టీచరయితావు, ఈడనే ఏదో ఒక బళ్లో ఉంటావు. దానికీ కాదంటావు?"

"కాదనలే నాయనా."

"మరేమంటాండావు? నోరు తెరిచి చెప్పు. గోడతో మాట్లాడినట్ల ఉండాది నాకు."

"ఎమ్మే చేస్తా అంటాండా. దూరవిద్యలో. చేరేకి ఈ పొద్దే ఆఖరు తేదీ. తొమ్మిదిన్నర బస్సుకు పోతే..."

"బస్సు సంగతి తర్వాత. ఎమ్మే దేంట్లో?"

"ఇంటర్నేషనల్ రిలేషన్స్."

"అంటే?"

"అంతర్జాతీయ సంబంధాలు."

"సంబంధాలా? యా దేశం పిల్లోడమ్మా?"

"అమ్మా, నువ్వు ఎగతాళి చేయొద్దు. దేశాలు ఎట్ల మాట్లాడుకుంటాయి, ఎందుకు తగాదా పడతాయి, ఎట్ల రాజీ అయితాయి, అదీ ఆ చదువు."

"అది చదివి ఏం చేస్తావు? దేశాలన్నీ వచ్చి మన వాకిట్లో నిలబడుకుని, మే ప్రసూనా, మాకి రాజీ చెయ్యి అంటాయా?"

"పరీక్షలుంటాయి నాయనా. పెద్ద ఉద్యోగాలకు గూడా..."

"వస్తాయా?"

"...రావచ్చు. రాకపోయినా నాకి అదే ఇష్టం."

"ఇష్టమంట! తెలుగు ఉండాది, ఎకనామిక్సు ఉండాది. ఊర్లో యా పిల్లన్నా ఆ పేరు ఇనిందా?"

"ఇంట్లోనే కూర్చుని చదువుతానంటాది కదా, చదవనీరాదా? పుస్తకాలు పోస్టులో వస్తాయంట. నీ నెత్తిన పెట్టుకుని మోసేది లేదు కదా."

"నాగలక్ష్మీ, నువ్వు ఆగు. ఇంట్లోనే అయితే నేనెందుకు అడ్డమొస్తా? ఏంమే, ఇంట్లోనే కదా? యాడికీ పోయే పని లేదు కదా?"

"పుస్తకాలన్నీ ఇంట్లోనే..."

"నేనడిగింది పుస్తకాలు కాదు."

"ఆదివారాలు క్లాసులుంటాయి."

"యాడ?"

"హిందూపురంలో. అన్ని ఆదివారాలూ కాదు. అప్పుడప్పుడు."

"అదీ సంగతి. ఒక్కదానివే పోతావా?"

"ఒక్కదాన్నే కాదు. తోడుండాది."

"ఎవురు?"

"డిగ్రీలో నాతో చదివిన పిల్ల."

"యా ఊరు?"

"దగ్గరే."

"దగ్గరంటే? అగళా? రొళ్లా?"

"అంత దూరం గూడా కాదు."

"ఎవురి బిడ్డ?"

"నాయనా, కరెంటొచ్చే టైమయింది. నువ్వు చేలోకి పోవల్ల కదా."

"కరెంటు రానీ, పోనీ. ఎవురి బిడ్డ? నాగలక్ష్మీ, నీకి తెలుసునా?"

"నాకేం తెలుసు?"

"నీ మొకం చూస్తే తెలిసినట్లే ఉండాది."

"నా మొకం శెనక్కాయల మీద ఉండాది. నీకి యాడ కనపడె?"

"హేమ, నాయనా."

"యా హేమ?"

"మనూరి హేమ."

"మనూర్లో ఎంతమంది హేమలు ఉండారు? ఒక్కతే కదా... ఆదెప్ప కూతురా?"

"ఊ."

"ఊ అంటాండావా? నా ఎదురుగా నిలబడుకుని ఊ అంటాండావా?"

"గట్టిగా అరవొద్దు. వీధిలో జనం పోతాండారు."

"పోనీ! ఇననీ! బోరు నీళ్ల వంతు కాడ నా తమ్ముని చెయ్యి ఇరగ్గొట్టిన ఇల్లు అది. పదేండ్లుగా ఆ ఇంటి నీళ్లు మనం ముట్టలే. పెండ్లికి పోలే, సావుకు పోలే. ఆ ఇంటి పిల్ల నీకి తోడా?"

"చిన్నాయన గూడా వాళ్ల మనిషి తలకాయ పగలగొట్టినాడు కదా."

"ఏమన్నావు?"

"ప్రసూనా, లోపలికి పో."

"పోను అమ్మా."

"చూసినావా? చదువింకా మొదలే కాలే, అప్పుడే ఆ ఇంటి పక్కన వకాల్తా! ఎన్నాళ్ల నుంచి ఇది?"

"డిగ్రీలో చేరినప్పటి నుంచి. ఊర్లో బస్సెక్కేటప్పుడు ఆ పిల్ల ముందర, నేను ఎనక. పెద్ద వంక దాటినంక ఒకే సీటు."

"మూడేండ్లు! మూడేండ్లు నా కండ్లల్లో మన్ను కొట్టినావు. పో, చౌడప్పను పిలుచుకుని రా."

"చౌడప్ప ఎందుకు నాయనా?"

"ఎందుకంటే? ఆదెప్పకు మాట పంపియ్యల్ల. గొడవైనప్పటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. ఏ మాటైనా చౌడప్ప నోటనే కదా పోయేది, వచ్చేది. పోయి చెప్పనీ. నీ కూతురు ఇంకోసారి నా బిడ్డ పక్కన కనపడిందంటే, ఉమ్మడి బోరు కాడ మోటారు పెరికి బాయిలో పారేస్తా, నీ చేను ఎట్ల తడుస్తాదో చూస్తా అని."

"ఆ మోటారు మనది గూడా. మన చేనుకు ఆకాశం నుంచి పోస్తావా?"

"నాగలక్ష్మీ!"

"సరేలే, నాకెందుకు."

"నాయనా, ఆ మాట పంపియ్యొద్దు."

"పంపిస్తా. చౌడప్ప చెప్తాడు."

"చెప్పడు."

"ఎందుకు చెప్పడు? గొర్రెలు కాసుకునేటోడైనా, మాట మోసేదాంట్లో ఆయప్పను మించినోడు లేడు. మొదట్లో వారం వారం గొడవ. ఇప్పుడు? రెండేండ్లుగా గట్టు కాడ ఒక్క కట్టె లేవలే. నేనెంత కారంగా చెప్పి పంపినా ఆదెప్ప నుంచి నెమ్మదిగా జవాబొస్తాది. చౌడప్ప యా కాలేజీలో చదివినాడు? యా ఎమ్మే పాసయినాడు? నువ్వేమో దేశాల సంగతి చదువుతావంట, దేశాల సంగతి!"

"నాయనా."

"ఏమి?"

"చౌడప్ప ఆ మాటలు చెప్పలేదు."

"యా మాటలు?"

"నువ్వు చెప్పి పంపినవి. రెండేండ్లుగా ఒక్కటి గూడా."

"ఏమన్నా పిచ్చి పట్టిందా నీకి?"

"ఒకసారి నువ్వు పంపిన మాట చెప్తే, ఆదెప్ప తమ్ముడు చౌడప్ప చెంప మీద కొట్టినాడు. మాట నీది, దెబ్బ ఆయప్పకు. ఆ తర్వాత నువ్వు మళ్లా పంపితివి. మన దొడ్డి ఎనక కూర్చుని ఏడ్చినాడు. రోగమొచ్చిన గొర్రెనైనా భుజాన మోస్తా, ఈ మాట మోయలేను తల్లీ అన్నాడు. నేను వేరే మాట చెప్పి పంపినా."

"వేరే మాటంటే?"

"నువ్వు అన్నది, మోటారు ఆపకపోతే కేబులు కోస్తా అని. నేను చెప్పింది, మా శెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టే టైము, ఈ ఒక్క తడి ఇడిస్తే చాలు, ఆ పైన వంతు నీదే అని."

"...ఆ పొద్దు ఆదెప్ప నీళ్లు ఇడిసినాడు."

"ఇడిసినాడు."

"మరి ఆదెప్ప జవాబులు?"

"ఆయప్ప గూడా తిట్టే పంపేది నాయనా. ఆడ హేమ మార్చేది, ఈడ నేను మార్చేదాన్ని. పెద్ద వంక దాటినంక బస్సులో ఇద్దరం సరిచూసుకునేవాళ్లం, మాటకు మాట అతుకుతాండాదా లేదా అని. ఒకసారి అతకలే. ఈ తడి నీదే అంటే నీదే అని మీరిద్దరూ వదులుకుంటే, మోటారు పొద్దంతా ఊరికే ఉండిపోయింది."

"నాగలక్ష్మీ."

"ఊ."

"నీకి తెలుసు."

"...చౌడప్ప ఏడ్చిన పొద్దు సంగటి పెట్టింది నేనే కదా."

"నన్ను ఎర్రోన్ని చేసినారు. ఈ ఇంట్లో ఇద్దరు, ఆ ఇంట్లో ఒకతి. ఊర్లో మీసం మెలేసి తిరుగుతాండా, నా మాటకు ఆదెప్ప తగ్గినాడని! ఇంక అయిపోయింది. ఎమ్మే లేదు, బీఈడీ లేదు. చదువే లేదు. ఆ బస్సు పోనీ."

"సరే నాయనా."

"సరే అంటావేంది? ఏడువు! అరువు!"

"చదువు లేకపోతే లేదు. చౌడప్పతో మాత్రం ఆ మాట పంపియ్యొద్దు. నీ కాళ్లు పట్టుకుంటా."

"లెయ్. లెయ్ పైకి... ఒకటి అడుగుతా. అబద్ధం చెప్పొద్దు."

"చెప్పను."

"పోయినేడు మా అమ్మ పోయింది. ఆదెప్ప రాలే. చౌడప్ప నోట మాట పంపినాడు. చెన్నమ్మవ్వ చేతి ముద్ద తిని పెరిగినోన్ని, ఆ గడప తొక్కే మొకం లేక ఇంత మన్ను వేసేకి గూడా రాలేకపోయినా అని. ఆ మాట ఇన్నంకనే నాకి కోపం సగం సచ్చిపోయింది. ఆ మాట ఆదెప్పదా, మీదా?"

"నాయనా..."

"ఆదెప్పదా? మీదా?"

"ప్రసూనా, ఊరుకో."

"చెప్పనీ దాన్ని."

"మాదే."

"మీదే... అయితే వాడేమన్నాడు? సచ్చినామెను గూడా తిట్టినాడా?"

"ఏమీ అనలేదు నాయనా. అవ్వ పోయిందని చెప్పి చౌడప్ప జవాబు కోసం నిలబడుకున్నాడంట. ఆయప్ప గోడకు తలకాయ ఆనించుకుని ఏడ్చినాడంట, పసిపిల్లోడు ఏడ్చినట్ల. శానాసేపు. ఒక్క మాట గూడా నోట్లోంచి రాలేదంట. ఏడుపును ఎట్ల మోసుకుపోవల్ల తల్లీ, అని చౌడప్ప నన్నడిగినాడు. అప్పుడు హేమా నేనూ మాట వెతికినాము."

"ముద్ద సంగతి మీకెట్ల తెలుసు? అప్పటికి మీరు పుట్టనే లేదు."

"అవ్వనే చెప్పింది. చిన్నప్పుడు మీరిద్దరూ ఒకే తట్టలో సంగటి తినేటోళ్లంట కదా. చివరి ముద్దకు రోజూ కొట్లాడేటోళ్లంట."

"కొట్లాడింది నేను. వాడు ఇడిసేటోడు."

"కరెంటు వచ్చినట్లుండాది. మోటారు సద్దు ఇనపడతాండాది."

"ఈ పొద్దు వంతు ఎవురిది, నాగలక్ష్మీ?"

"వాళ్లది."

"ప్రసూనా, ఆ పిల్ల యాడుండాది ఇప్పుడు?"

"బస్సు ఆగే కాడ. నా కోసం కాచుకోని ఉండాది."

"వాళ్ల నాయనకు చెప్పి వచ్చిందా?"

"లేదు. నా పేరు ఎత్తితే ఆయప్ప గూడా మోటారే పెరుకుతాడు."

"పెరకనీ... బస్సు పోయింటాదా?"

"ఇంకా రాలే. వంక కాడ హారను కొడతాడు కదా."

"అయితే పో. నడువు. ఆ పిల్లతో ఒక మాట చెప్పు, వాళ్ల నాయనకు చెప్పమను. క్లాసుండే ఆదివారం మిమ్మల్ని ఇద్దర్నీ బస్సెక్కించేకి నేనొస్తా. వాడూ రావల్ల. రాకపోతే ఇంటికొచ్చి కాళ్లు ఇరగ్గొడతా అని."

"నాయనా, కాళ్లు ఇరగ్గొడతా అనేది మాత్రం..."

"మార్చొద్దు. ఉన్నదున్నట్ల చెప్పమను. ఈ ఒక్కటన్నా వానికి నా నోటి మాటే చేరనీ."