మడ్డి వాసనకు సరిపడ్డ అత్తరు

“అవ్వా, మొగోళ్లకు అత్తరు కొనాల్నంటే ఎట్ల సూసి కొంటరు?”

ఎవలికే రజితా, నీకు ఖాయం జేసిన పిలగానికా? సిగ్గెందుకు, గోడ అవుతల మీరు మాట్లాడుకునేదంత నాకు ఇనవడ్తది. పిలగాడు మంచోడే అంటున్నది గద మీ అమ్మ. కూసో, గా మంచం మీద కూసో. కింద కూసోకు, దుమ్మున్నది. ఊడ్వక ఎన్నొద్దులైందో ఏమో. ఒక్కదాన్ని ఉంటే ఊడ్వబుద్ధి గాదు బిడ్డా, ఎవలొస్తరని ఊడ్వాలె.

అత్తరంటే సబ్బు కొన్నట్టు గాదు. మూత తీసి వాసన సూసి, మంచిగున్నది గద అని తెచ్చుకునేది గాదు. సీసల ఒక తీరుంటది, ఒంటికి పెట్టినంక ఒక తీరైతది, ఇంత సేపు వోయినంక ఇంకో తీరైతది. గిదంత నాకు గఫూర్ సాబ్ నేర్పిండు. నిజామాబాద్ల గంజ్ మార్కెట్ కు పోయే తొవ్వల సిన్న దుకాన్ ఉంటుండె గాయనది. ఇద్దరు నిలవడితే మూడోటోడు బయటనే. సరుకు ఉత్తరాదిల కనౌజ్ కెల్లి తెప్పిస్తుండె. గాడ దేగులని పెద్ద రాగి గుండిగలల్ల పూలేసి, కింద కట్టెల మంట వెట్టి, ఆ ఆవిరిని చందనం నూనెలకు దించుతరట. గా ముచ్చట మొదలువెట్టిండంటే మన సేతుల చాయ్ సల్లారిపోవుడే.

గాయనకొక పట్టింపు ఉంటుండె. పెట్టంగనే అమ్మకపోతుండె. మనికట్టు మీద ఒక సుక్క పెడ్తడు, రుద్దొద్దంటడు. “పో, మీ ఇంటోళ్ల పక్కన కూసో. వాళ్లేమన్నరో వచ్చి సెప్పు, గప్పుడిస్త” అంటడు. ఎవని వాసన వానికి తెల్వదట బిడ్డా, పక్కన కూసున్నోళ్లకే తెలుస్తదట. గిరాకి వచ్చినోళ్లు కొంతమంది కోపానికొచ్చి పోతుండిరి గుడ. పోనీ అంటుండె గాయన.

మీ తాతను, గదే మా ఆయనను, నువ్వు సూడలే. మీరు గీ ఇంట్లకు కిరాయికి వచ్చేసరికే ఆయన లేకపాయె. ప్రకాశం ఆయన పేరు. ఈడ బోధన్ల షక్కర్ ఫ్యాక్టరీల పని. పనంటే ఏం పని, సెరుకు రసంల సక్కెర తీసినంక నల్లటి మడ్డి మిగుల్తది సూడు, మొలాసిస్ అంటరు, గా మడ్డి కాడ పని. తియ్యటి వాసనే గని, మాడిన వాసన, పులిసిన వాసన, అన్నీ కలిసి ఉంటది. సీజన్ మొదలైతే ఊరంత వస్తది గని, గాడ పనిజేసేటోళ్లకు ఒంట్లకే దిగుతది. ఎంటికెలల్ల, గోర్లల్ల, అంగీ కాలర్ల. బస్సుల కూసుంటే పక్కనోళ్లు లేసిపోతుండిరట. ఆయనకు మాత్రం తెల్వదు. ముక్కు అలవాటు వడ్డది గద.

ఆయనకు మొదాల ఒక పెండ్లైంది. గామె పసిరికలై, కామెర్లంటరు సూడు, గవచ్చి సచ్చిపోయింది, పాపం, పెండ్లయి రెండేండ్లు గుడ నిండలేదు. తల్లి అంతకు ముందే పోయింది. ఒక్కడే ఉంటుండె క్వార్టర్ల.

నేనేమో నిజామాబాద్ల మిషన్ దవాఖానల ఆయాను. మాది ధర్పల్లి. అవ్వ బాపు సిన్నప్పుడే పోయిండ్రు. ఒక్క అక్క ఉంటుండె ధర్పల్లిల, పసుపు పనికి పోతుండె. అక్క వచ్చి కావలించుకుంటే ఉడికిన పసుపు వాసన. నాకేమో ఫినాయిల్ వాసన. “నువ్వు దవాఖాన లెక్కనే వాసనొస్తవే” అంటుండె అక్క. మంచి మనిషి. పసుపు క్వింటాల్ ధర వెరిగిందంటె సాలు, తనకేదో సేనున్నట్టు సంబురపడుతుండె. ఆమెకెక్కడిది సేను, కూలి మనిషాయె. ఏం సెప్తున్న నేను... ఆఁ, సంబంధం.

మా పాస్టరమ్మ తెచ్చింది సంబంధం. ఆరాధన అయిపోయినంక చర్చి కాంపౌండుల బెంచి మీద కూసోని మాట్లాడుకోండ్రి అన్నది. నేను వద్దందామనే అనుకున్న. రెండో పెండ్లోడు, మడ్డి కాడ పని, ఎందుకచ్చింది అనుకున్న. గని బిడ్డా, నీకు దాసేదేమున్నది, నాకు గప్పటికే ముప్పై దాటినయి. దవాఖాన ఎనుక ఒక రూంల ఒక్కదాన్నే ఉంటుంటి. క్రిస్మస్ కు అందరు ఊర్లకు పోతుంటే నేను అడిగి మరీ డ్యూటీ తీసుకుంటుంటి. రూంల ఉండుడు కంటే పేషెంట్ల కాడ ఉండుడే నయమనిపిస్తుండె. మనుషులు మూలుగుతుంటే గుడ సప్పుడు సప్పుడేనాయె.

శనివారం పోయి అత్తరు పెట్టించుకున్నడట మీ తాత... కాదు కాదు, ఆయితారం పొద్దుగాలనే. గఫూర్ సాబ్ దుకాన్ శుక్రారమే బందుంటుండె. పొద్దుగాల బస్సు దిగి సీద దుకానుకు పోయి, గాడికెల్లి చర్చికి వచ్చిండు. వచ్చి బెంచి మీద గా కొసకు కూసున్నడు. నేను గీ కొసకు. కొద్దిసేపటికి గులాబ్ వాసనొచ్చింది. మంచిగనే ఉన్నది అనుకున్న. తర్వాత మల్లెపూల వాసన. తర్వాత వట్టివేరు. అన్నిటి కిందికెల్లి మడ్డి. బెల్లం దుకాన్ల పెండ్లి పందిరి ఏసినట్టున్నది బిడ్డా. గంతట్ల ఒక తేనెటీగ వచ్చి ఆయన సెవ్వు సుట్టూ తిరుగుడు మొదలువెట్టింది. ఆయన కొట్టడు, కదలడు. ఆరాధనల కూసున్నట్టె కూసున్నడు. నాకు నవ్వాగలే.

“ఏందండి, గన్ని పెట్టుకొచ్చిండ్రు?” అన్న.

ఆయన నవ్వలే. రెండు సేతులు ముందటికి సాపి సూపెట్టిండు. “దుకానాయన మూడు పెట్టిండు. ఏది మంచిగున్నదో ఇంట్లోళ్లను అడిగి రమ్మన్నడు. నాకు ఇంట్ల ఎవలు లేరు. గందుకే అన్నీ పెట్టించుకొని వచ్చిన. మీరు సెప్పుండ్రి” అన్నడు.

గా మాటకు నాకు నవ్వు ఆగిపోయింది.  నాకు గుడ ఎవలు లేరు గద, ఆ మాటెట్లుంటదో నాకు తెలుసు.

“ఏదీ మంచిగ లేదు. పోయి మూడు కడుక్కొని రాండ్రి” అన్న. ఆయన బోరింగ్ కాడికి పోయి, సబ్బు లేకుంటే మన్ను వెట్టి రుద్దుకొని వచ్చిండు. అంగీ సేతులు మోసేతుల దనుక తడిసినయి. వచ్చి మల్ల కూసున్నడు. ఈసారి మడ్డి వాసన ఒక్కటే ఉన్నది. నేనేం లేవలే. పాస్టరమ్మ వచ్చి ఏమంటవే అంటే, సరే అన్న.

పెండ్లయినంక ఇద్దరం కలిసి పోయినం దుకానుకు. గఫూర్ సాబ్ నన్ను సూసి, మీ తాతతోని “ఇప్పుడు సరే, ముక్కును ఎంబడి తోలుకొచ్చినవ్” అన్నడు ఉర్దుల. మా ఇద్దరికి ఉర్దు వస్తుండె తియ్యి, గప్పట్ల ఎవలికి రాకపోతుండె? ఒక్క రోజుతోని కాలేదు గా పని. ఆయితారం ఆయితారం పోతుంటిమి. ఒక సుక్క పెట్టించుకొనుడు, టేషన్ దాక నడుసుడు, చాయ్ తాగుడు, మల్ల మనికట్టు వాసన సూసుడు. నలుగుర్ల మొగుని సెయ్యి వాసన సూడాల్నంటే సిగ్గు గద. కొంగు అడ్డం వెట్టుకొని సూస్తుంటి. తొవ్వల పోయేటోళ్లు నవ్వుతుండిరి. మీ తాత మాత్రం సూది మందు ఇచ్చేటప్పుడు పేషెంటు సెయ్యి సాపినట్టు సాపి నిలవడుతుండె.

గులాబ్ పనికిరాలే, మొగ్రా అంటే మల్లె, గది గుడ పనికిరాలే. మీ తాత ఒంటికే తీపి వాసన ఉన్నది, మీదికెల్లి ఇంకో తీపి పెడితే తలకాయ నొస్తది. వట్టివేరు ఎండకాలంకు సరే, సల్లగుంటది. సీజన్ నడిసేది సలికాలం గద, సలికి వట్టివేరు ఏం బాగుంటది. ఆఖరుకు హీనా తీసిండు సాబ్. మైదాకు, గదే గోరింటాకు, దాని పువ్వుది. మొదాల ముక్కుకు పెట్టుకుంటే వగరుగుంటది, పొగ లెక్క. నాకు నచ్చలే. “నీకు నచ్చుడు గాదమ్మా, ఆయనకు నచ్చాలె, ఆయన తోలుకు నచ్చాలె” అన్నడు సాబ్. టేషన్ దాక పోయి వచ్చి సూసిన. గా మడ్డి, గీ హీనా ఒకదాంట్ల ఒకటి కలిసిపోయినయి. ఏది ఏదో తెల్వకుంటయ్యింది. అసలే అగ్గువకు దొరికేది గాదు హీనా. సిన్న సీస కొంటే ఆ నెల నా జీతంల మస్తు కోత వడుతుండె. అయినా కొన్న. మల్ల ఎన్నడు మార్చలే.

దినాం ఆయన డ్యూటీకి పోయేముందు ఇంత దూదికి అద్ది ఆయన సెవ్వుల పెడుతుంటి. సెవ్వు మీది మడతల పెడ్తరు, లోపలికి గాదు. ఫ్యాక్టరీల తోటోళ్లు “నవాబ్ సాబ్ వచ్చిండు” అని నవ్వుతుండిరట. ఆయనకు గది మురిపెమే. ఇంటికొచ్చి నాకు సెప్పేటోడు.

మాకు పిల్లలు నిలవలే. నిలవకపోతే నిలవలే, ఇద్దరం ఉన్నం అనుకున్నం. నాకు ఒక్కటే పట్టు ఉంటుండె, గా మడ్డి వాసన ఇంట్లకు రావొద్దని. డ్యూటీ కెల్లి వస్తే బయటనే తానం. అంగీలు సోడ ఏసి ఉడకవెట్టి ఉతుకుతుంటి. కుంకుడుకాయ, యాపాకు, ఏది సెప్తే గది ఏసేదాన్ని. దుప్పట్ల వాసనొస్తే కొట్లాడేదాన్ని. “పొయ్యేది గాదే సుగుణా, ఊకో” అంటుండె. ఊకోకపోతుంటి. గట్లనే ఏండ్లకేండ్లు గడిసిపోయినయి.

ఆయన గుండె ఆగి పోయిండు. పొద్దుగాల బూట్లేసుకుంటు కూసున్నోడు కూసున్నట్టె. మనిషి పోయినంక బట్టలు ఉతికి ఎవలికన్న ఇస్తరు గద. నేనే కూసోని, అన్నీ సోడ ఏసి ఉడకవెట్టి ఉతికి ఇచ్చేసిన. దుప్పట్లు గుడ. సేతులకు అలవాటాయె, తలకాయ పనిజేస్తలేదాయె. అక్క అన్నది, ఒక్క అంగీ అన్న ఉంచుకోవే అని. గప్పటికే అన్నీ ఆరేసిన. గా రంది ఇప్పటికి పోలేదు బిడ్డా. రాత్రి పండుకుంటే దిండుకు సబ్బు వాసన తప్ప ఏం రాకపోతుండె.

సీసల కొంచెం హీనా మిగిలి ఉండె. ఒకనాడు మూత తీసి నా సేతికే పెట్టుకున్న. ఆయన మీది వాసన లెక్క లేదు. మూలకు వడి పాతగైందేమో అనుకొని నిజామాబాద్ వోయిన. గఫూర్ సాబ్ మస్తు ముసలోడైండు, కండ్లు సరిగ ఆనుతలేవు. నా గొంతు పట్టి గుర్తువట్టిండు. సాబ్, హీనా మారిందా అన్న. కొత్త సీస తీసి నా సేతికి పెట్టిండు. అది గాదు. మీ సేతికి పెట్టుకోండ్రి సాబ్ అన్న. పరాయి మొగోని సెయ్యి వాసన సూస్తనన్నట్టేనాయె, గని గప్పుడు నాకు సిగ్గెక్కడిది. గాయన తన మనికట్టుకు పెట్టుకొని, ఇంత సేపు ఆగి, గల్లా మీదికెల్లి సెయ్యి సాపిండు. సూసిన. అది గాదు.

“అమ్మా, సరుకు అదే. తెప్పించేది గుడ ఆడికెల్లే. నీకు కావల్సింది నా దుకాన్ల లేదు” అన్నడు. చాయ్ తెప్పిచ్చిండు.  తాగి లేసి వచ్చిన.

బోధన్ బస్సెక్కిన. సీజన్ రోజులు. జనం నిలవడ్డరు గని ఒక సీట్ల ఒక్కడే పిలగాడు కూసున్నడు, కిటికీ దిక్కు. పక్కన ఎవలు కూసుంటలేరు. నేను దగ్గరికి పోయేసరికి వాసన కొట్టింది. మడ్డి. డ్యూటీ దిగి గవే బట్టలతోని దవాఖానల ఎవల్నో సూసొస్తున్నడట. నేను కూసోవోతుంటే, “అమ్మా, వాసనొస్తది, ముందటికి పోయి కూసో” అన్నడు. కూసున్న. నాకు ఏడ్పు ఆగలే బిడ్డా. గన్నేండ్లు సోడ ఏసి ఉడకవెట్టి ఎల్లగొట్టిన వాసన, గా పిలగాని అంగీ మీదికెల్లి వస్తుంటే, ఎట్ల ఆగుతది. నలుగురు సూస్తరని కొంగు మూతికి అడ్డం వెట్టుకున్న. గా పిలగాడు సూసి, వాసనకే ముక్కు మూసుకున్న అనుకున్నడు. పాపం, ఇంకింత కిటికీ దిక్కు జరిగిండు. జరగకు కొడుకా అందామనే అనుకున్న, కొంగు తీస్తే ఏడ్పు బయటవడ్తదని అనలే. బోధన్ దాక గట్లనే వచ్చినం. బస్టాండుల అందరు దిగిపోయినంక గుడ గా సీట్లనే కూసున్న, కండక్టర్ వచ్చి దిగుమనే దనుక.

గంతే బిడ్డా. అత్తరు నువ్వొక్కదానివే వోయి కొనకు. గా పిలగాన్ని ఎంబడి తోలుకపో. సేతికి పెట్టిచ్చి, ఇంత దూరం కలిసి నడువుండ్రి, గప్పుడు సూడు. గా పిలగానికి పని వాసన ఏదన్న ఉంటే దాన్ని గుడ సూడు, ముక్కు ముడువకు. మీరిద్దరు ముసలోళ్లయ్యే దనుక ఒకల పక్కపొంటి ఒకలు కూసోవాలె. సల్లగుండాలె. గదే నేనిచ్చే దీవెన, నాతాన ఇంకేమున్నది ఇయ్యనీకి... మీ అమ్మ పిలుస్తున్నట్టున్నది. పిలువనీ తియ్యి, జరసేపు కూసో...