తలుపులోంచి వచ్చిన తొట్టి

ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి పాత ఇనప స్నానాల తొట్టి హాల్లో ఉంది. ఆమె దాని అంచు మీద కూర్చుని ఎదురుచూస్తోంది.

“బాత్రూం పని మొదలుపెట్టించావా? తొట్టి ఉంచాలో తీసెయ్యాలో ఇంకా అనుకోనేలేదుగా! గోడ పగలగొట్టారా?”

“గోడ నిక్షేపంగా ఉంది. నాలుగు కాళ్ళూ విప్పి పక్కకి తిప్పితే తలుపులోంచే వచ్చేసింది.”

“అలాగా! కాళ్ళు ఊడొస్తాయని నాకు తెలీనే తెలీదు.”

“దీని అంచు దాటబోయి నేను జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. డాక్టరు తీసెయ్యమంటే అప్పుడు మీరేమన్నారు?”

“గోడ పగలగొట్టకుండా రాదన్నాను. మేస్త్రీ అలాగే చెప్పాడు మరి.”

“ఏ మేస్త్రీ?”

ఆయన వంగి బూట్ల తాళ్ళు విప్పుకోవడంలో పడ్డాడు. ఆమె గుప్పెట తెరిచింది. అందులో నాలుగు నీలం రబ్బరు ముక్కలున్నాయి.

“కాళ్ళకీ తొట్టికీ మధ్య బిగించి ఉన్నాయి. మీ పాత హవాయి చెప్పువే కదూ?”

“...తొట్టి ఊగుతోందని పెట్టాను.”

“ఎప్పుడు?”

“నువ్వు పడకముందు.”

“అంటే తెలిసే చెప్పారన్నమాట. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అనలేదు.”

“వేణ్ణీళ్ళలో కాసేపు పడుకుంటే తప్ప నా నడుం నిలబడదు. నీకు తెలుసుగా!”

“తెలుసు. అందుకే, ఉంచమని ఒక్క మాట అడిగుంటే ఉంచేదాన్నే. కట్టు కట్టిన చేత్తో కూడా ఇందులో మీ వీపు రుద్దాను.”

“సరే, తప్పయింది. ఇప్పుడు దీన్నేం చేద్దామంటావు?”

“తొట్టి రేపు పాత ఇనుము బండికి వెళ్ళిపోతుంది. దాని సంగతి తేలిపోయింది. మీ సంగతే ఇంకా ఆలోచిస్తున్నాను.”