ముప్పై ఆరో నిమిషం

నెబ్రాస్కాలో ఒక చిన్న ఊరు, బుధవారం, మధ్యాహ్నం పన్నెండింటికి మొదలయ్యే సేవా క్లబ్బు వారి భోజనాల మీటింగు. హోటల్ కిటికీలోంచి చూస్తే రోడ్డవతల ఆస్పత్రి. వెనక బల్ల దగ్గర ఆర్విల్, క్లబ్బు కార్యదర్శి డెల్మార్ గుసగుసలాడుకుంటున్నారు. మైకు దగ్గరికి ఆ వారం అతిథి, నర్సు కోవారిక్, వస్తోంది.

"చికెన్ ముట్టుకోలేదేంట్రా డెల్మార్? చల్లారిపోతోంది."

"ఆకలిగా లేదు."

"ఎందుకుంటుందిలే. ఆ నర్సును పిలిపించింది మా అమ్మాయి కారొల్. ముందు బల్ల దగ్గరుంది చూడు."

"చూశాను. నన్ను చూసి మొహం తిప్పుకుంది."

"మరి నెత్తిన పెట్టుకుంటుందా? వాళ్ళమ్మకి నువ్వు చేసిన పనికి?"

"ఆర్విల్..."

"ఊరికే అన్నాన్లే. ఆ రొట్టెలిటు జరుపు. ఇవాళ నా కోటుకి హాజరు పిన్ను పెడుతున్నారు, తెలుసుగా? నలభై ఏళ్ళు. ఒక్క బుధవారం తప్పలేదు."

"హాజరు పట్టీ రాసేది నేనేగా, తెలీకపోవడమేంటి?"

"అందరికీ నమస్కారం. భోజనాల వేళ చావు కబుర్లేంటని విసుక్కోకండి. చివరి రోజుల్లో ఉన్నవాళ్ళ పక్కన కూర్చోవడమే నా పని. ఇవాళ ఒకావిడ గురించి చెప్తాను. ఆవిడ కూతురే చెప్పమంది."

"మొదలెట్టింది. తల దించుకోకురా, అందరూ నిన్నే చూస్తారు."

"చూడనీ."

"అదిగో, బ్యాంకు హెర్బ్ లేచాడు. గడియారం చూసుకుని మరీ లేచాడు, దొంగ."

"ముప్పై ఆరో నిమిషం దాటిందిగా. గంట మీటింగులో అంతసేపు కూర్చుంటే హాజరు పడినట్టే."

"ముప్పై అయిదో నిమిషంలో లేస్తే మాత్రం ఆ వారం గల్లంతు. పాపం, హెర్బ్‌కి రెండు పోయాయి."

"నీకు ఒక్కటీ పోలేదు."

"ఆ అన్నదేదో కాస్త సంతోషంగా అనొచ్చుగా."

"ఆ రోజూ బుధవారమే. ఆవిడకి ఊపిరి అందడం లేదు. అయినా అడిగిందే అడుగుతోంది, 'వచ్చాడా, వచ్చాడా' అని. భర్త అప్పుడు ఇక్కడే, ఈ గదిలోనే మీటింగులో ఉన్నాడు. మీటింగులో సెల్‌ఫోన్లు ఆపేస్తారట కదా. అందుకని పన్నెండుంబావుకి హోటల్ నంబరుకి ఫోన్ చేసి మీ కార్యదర్శిని పిలిపించాను. వెంటనే పంపించమన్నాను. సరేనన్నారు."

"నీళ్ళు తాగరా."

"నాకేం వద్దు."

"రోడ్డు దాటితే రెండు నిమిషాలు. ఆవిడ తలుపు వైపే చూస్తూ పన్నెండూ ముప్పై నాలుగుకి పోయింది. ఆయన నలభైకి వచ్చాడు. తినేటప్పుడు మెడకి కట్టుకున్న గుడ్డ కూడా తీయలేదు."

"విన్నావా? ఆరు నిమిషాలు. ఆరంటే ఆరే."

"విన్నాను."

"నువ్వు ఫోన్ పెట్టేసి, రొట్టెకి వెన్న రాసుకుంటూ మర్చిపోయావు. అంతేగా?"

"పదకొండు నెలల నుంచీ అదేగా అంటున్నాను."

"నలుగురి దగ్గరా గుసగుసగా అనడం కాదు. ఇవాళ లేచి అందరి ముందూ అను, నాకు పిన్ను పెట్టకముందే. దాని మనసు కుదుటపడుతుంది."

"ఎవరి మనసు?"

"కారొల్‌దిరా. ఇంకెవరిది?"

"ఆ పిల్లకి సైకిల్ నేర్పింది నేను. అంకుల్, అంకుల్ అని వెంట తిరిగేది. ఇప్పుడు నేను ఎదురైతే వీధి అవతలికి దాటిపోతుంది. మొన్న మా ఆవిడకి కేకు పంపి, నాకు మాత్రం పెట్టొద్దందట."

"పోన్లే, నీకెలాగూ షుగరు."

"నవ్వొచ్చిందా నీకు?"

"అది కాదురా. నీకు పోయేదేముంది చెప్పు. ముసలాడివి, మతిమరుపంటే ఊరంతా నమ్ముతుంది. నాకు మిగిలింది అదొక్కత్తే. అది కూడా దూరమైతే ఆ ఇంట్లో నేనొక్కణ్ణే పడుండాలి."

"వెర్నా పోయినందుకు నాకు మాత్రం బాధ లేదా? నీకు పెళ్ళాం కాకముందు నుంచీ నాకు స్నేహితురాలు."

"నిజంగా స్నేహితురాలే అయితే నీకు గుర్తుండేది."

"ఏమన్నావ్?"

"వినపడిందిగా."

"ఆ మాట నువ్వే అంటున్నావా ఆర్విల్?"

"ష్. కారొల్ లేచింది."

"నర్సుగా నాకు ఎవరి మీదా కోపం లేదండీ. ఇంక కారొల్ ఏదో అడుగుతానంటోంది. తీసుకోమ్మా మైకు."

"డెల్మార్ గారూ, పోట్లాటకి రాలేదు. ఇదొక్కటి చెప్పండి చాలు. మా అమ్మ 'వచ్చాడా' అంటూ తలుపు వైపు చూస్తున్న ఆ ఇరవై నిమిషాలూ మీరేం చేస్తున్నారు?"

"లేవరా. మర్చిపోయానని చెప్పు."

"లేస్తున్నాను. నా చొక్కా వదులు."

"మర్చిపోయానను. ఒక్క మాట. అనేసి కూర్చో."

"పన్నెండుంబావుకే చెవిలో చెప్పానమ్మా. మీ నాన్న గోడ గడియారం చూసి, 'ముప్పై ఆరు దాటనీరా, వెళ్తాను' అన్నాడు."